ఒక ఇంటికి ఒకరే

ముందు గది నుంచి,
మంగళవారం

గడబిడకు,

నీ ఉత్తరం అందింది. ఫోను ఎందుకు తీయడం లేదని కోప్పడ్డావు. తీయడం కష్టమేమీ కాదు. తీశాక మాట్లాడాలి, అదీ కష్టం. నా గొంతు నాకే పక్కింటి రేడియోలా వినిపిస్తోంది. ఉత్తరమైతే గొంతుతో పని లేదు. నీకు మీ అన్నయ్య నెలకొకటి రాసేవారు కదా, ఇకమీదట ఆ వంతు నాది అనుకో.

నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. నిద్ర పడుతోంది, ఎక్కువే పడుతోంది. ఏడవడం లేదు. ఏడుపు రావాలని ఎదురుచూసి, అదీ మానేశాను. ముందు గదిలో ఆయన బల్ల అలాగే ఉంది. బల్ల మీద ఎవరిదో కుట్టుమిషను పొట్ట విప్పేసి ఉంది. మరలన్నీ ఒక డబ్బా మూతలో ఉన్నాయి. ఏ మర ఎక్కడ బిగించాలో ఆయనకి తప్ప ఎవరికి తెలుసు? చుట్టూ తుడుస్తున్నాను, దాన్ని మాత్రం ముట్టుకోవడం లేదు.

మా పొత్తు సంగతి అడిగావు. అన్నయ్య చెబితే సగం నవ్వుకే సరిపోయేది, మిగతా సగం బుర్రకెక్కలేదు అన్నావు. రాస్తాను, చేతికి కాస్త పని.

మా ఊళ్లో మంచం పట్టినవాళ్లకీ, మెట్లు దిగలేనివాళ్లకీ సాయం చేసే సంఘాలు మూడు. ఒకటి భోజనాల వాళ్లు, వాళ్లకి పెద్ద గరిటెమ్మ. హాస్టల్లో వంట చేసి రిటైరైన మనిషి. రెండోది పలకరింపు వాళ్లు, వాళ్లకి పెద్ద పంతులమ్మగారు. వీళ్లు ఇంటికెళ్లి గంటసేపు కూర్చుని మాట్లాడి వస్తారు. మూడోది ఆసుపత్రికి తీసుకెళ్లి దింపే బండి వాళ్లు. బండాయన నీకు తెలుసు, దినాలు అయిన రోజున నిన్ను స్టేషనుకి దింపింది ఆయనే. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. సంగీతం మాస్టారని ఒకాయన ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే ఆయనింటికి మూడు సంఘాల వాళ్లూ ఒకేసారి వెళ్లి, గుమ్మంలో వాదించుకుని, ఆయన్ని విసిగించి వచ్చారు. తర్వాత వారం రోజులు ముగ్గురిలో ఒక్కరూ వెళ్లలేదు. మిగతా ఇద్దరూ చూసుకుంటున్నారనే ప్రతివాళ్లూ అనుకున్నారు. వారం తర్వాత బండాయన వెళ్లేసరికి మాస్టారు నేల మీద ఉన్నాడు. బతికాడులే. కానీ ఆ తర్వాత ఎవరి మాటా నమ్మలేదు.

అప్పుడే నేను ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాను, అదే మా పొత్తు. నేను ఏ సంఘం మనిషినీ కాను, అందుకే ముగ్గురూ ఒప్పుకున్నారు. నగర కార్యాలయం వాళ్లు ఒక గది ఇచ్చారు. జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉన్నంతవరకే గది అన్నారు, ఆ మనిషిని నేను. మొదటి నెలంతా బండి మీద ఎవరి పేరు ముందు రాయాలనే గొడవతోనే గడిచింది. మీ అన్నయ్య విని విని, చివరికి వెళ్లి, బండి వెనక తగిలించిన అదనపు చక్రం మూత మీద మూడు పేర్లూ గుండ్రంగా రాసి వచ్చారు. ఏది ముందో, ఏది వెనకో ఇక ఎవరికీ తెలియదు. గొడవ తీరింది.

రూలు ఒకటే: ఒక ఇంటికి ఒకరే. గోడకి ఒక చెక్కపలక ఉంది. దాని మీద మూడు సంఘాలకి మూడు వరసల మేకులు. ఒక్కో ఇంటికి ఒక రేకు బిళ్ల. మీ అన్నయ్యే నూనె డబ్బాలు కత్తిరించి అంకెలు వేశారు. బిళ్ల ఏ వరసలో ఉంటే ఆ ఇంటి మంచిచెడ్డలు ఆ సంఘానివి. భోజనం కావాలన్నా, బండి కావాలన్నా వాళ్లే మిగతావాళ్లకి చెప్పి చేయిస్తారు. ఒకే ఇంటిని ఇద్దరు అడిగితే ఆ బిళ్ల పళ్లెంలో వేస్తారు. ఎవరికివ్వాలో నేను తేల్చాలి. తేలేదాకా ఆ గడప ఎవరూ తొక్కకూడదు. తెల్లారేలోగా తేల్చేదాన్ని, కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మా ఇంటికి కూడా ఒక బిళ్ల కత్తిరించి పెట్టారు, ఎప్పటికైనా పనికొస్తుందని. నేను విసుక్కున్నాను.

ఇంతమందిని కూడగట్టిన దాన్ని, నాకు మనుషుల లోటేమిటి చెప్పు. వస్తున్నారు, చూస్తున్నారు. నువ్వు బెంగపెట్టుకోకు.

మీ వదిన

*

మేడ మీది మంచం,
కాలు తలగడ మీద

వదినా,

ముందు నా సంగతి విను. ఆసుపత్రి గోదాములో దుప్పట్ల మూట ఎత్తుకుని దిగుతూ చివరి మెట్టు ఉందనుకున్నాను. లేదు. చీలమండ విరిగింది. మోకాలిదాకా కట్టు వేశారు. దుప్పట్లకి ఏమీ కాలేదని మా సూపరింటెండెంటు ఊరట చెప్పాడు. ఇక నీ దగ్గరికి రావడం ఇప్పట్లో కుదరదు. అదే నా ఏడుపు, కాలు కాదు.

ఏడుపంటే గుర్తొచ్చింది. నువ్వు ఏడవడం లేదన్నావు. నాకు రెండు పూటలా వస్తోంది. నీ వంతు కూడా నా మీదే పడినట్టుంది. అన్నయ్య పోయాక నన్ను గడబిడ అని పిలిచేది నువ్వొక్కదానివే మిగిలావు, ఆ పిలుపు మానేశావో చూడు.

మీ రూలు బాగుంది. మా భవనంలో పొత్తూ లేదు, పలకా లేదు, బుర్ర అసలే లేదు. మొన్న ఒకే మధ్యాహ్నం నాలుగిళ్ల నుంచి నాలుగు క్యారేజీలొచ్చాయి. నిన్న ఒక్కటీ రాలేదు. బిస్కట్లు తిని పడుకున్నాను. సాయంత్రానికి అందరూ ఒకేసారి గుర్తుచేసుకుని మళ్లీ దండెత్తారు. కింద దుకాణం మంగలాయన వచ్చి, "నాకు వంట రాదమ్మా, జుట్టు కత్తిరించమంటే కత్తిరిస్తాను" అని కత్తెర తీశాడు. కాదంటే బాధపడతాడని తలవంచాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే బడిపిల్లాడిలా ఉన్నాను.

నీ దగ్గరికి ఎవరొస్తున్నారో, ఏం మాట్లాడుతున్నారో వివరంగా రాయి. "వస్తున్నారు, చూస్తున్నారు" అని ఆసుపత్రి డాక్టరులా రాస్తే నేను ఒప్పుకోను.

నీ గడబిడ

*

ముందు గది,
గురువారం

గడబిడకు,

కాలు జాగ్రత్త. కట్టు మీద నీళ్లు పడనీయకు. జుట్టు పెరుగుతుందిలే.

వివరంగా రాయమన్నావు. పంతులమ్మగారు బుధవారం బుధవారం వస్తారు. నిన్న వచ్చారు. మీ అన్నయ్య స్టూలు మీద కూర్చున్నారు. గంటసేపు ఉన్నారు. వాన గురించి, కూరగాయల ధరల గురించి మాట్లాడారు. మీ అన్నయ్య గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, అది ఆవిడ పెద్దమనసు. వచ్చారు, కూర్చున్నారు, వెళ్లారు. గరిటెమ్మ క్యారేజీ పంపిస్తోంది. బాగుంటోంది. బండాయన అవసరమేమీ రాలేదు.

పొత్తు గదికి కూడా వెళ్లివస్తున్నాను. పనులు మామూలుగా నడుస్తున్నాయి. పలక మీద అన్ని బిళ్లలూ వాటి వాటి మేకులకే ఉన్నాయి.

ఇంతకంటే విశేషాలు లేవు. పగలు గడుస్తోంది. గడవకపోవడమంటూ ఏమీ ఉండదు కదా.

మీ వదిన

*

మేడ మీది మంచం,
ఆదివారం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సరే అనుకున్నాను. రెండోసారి స్టూలు దగ్గర ఆగిపోయాను.

పంతులమ్మగారు అన్నయ్య స్టూలు మీద గంటసేపు కూర్చున్నారా? ఏ స్టూలు? మా నాన్న కొట్లో నుంచి తెచ్చుకున్నదేనా? దాని వెనక కాలు నేను గౌన్లేసుకునే రోజుల నుంచీ వదులే. దాన్ని గోడకి ఆనించి, ఒక పాదం బల్ల అడ్డకర్రకి తన్నిపెట్టి కూర్చోవాలి, ఆ విద్య మా అన్నయ్య ఒక్కడికే వచ్చు. నేను దాని మీద నుంచి ఎన్నిసార్లు పడ్డానో నా మోచేతిని అడుగు. తెలియక ఎవరైనా కూర్చుంటే నిమిషంలో నేల మీద ఉంటారు. ఆవిడ గంటసేపు కూర్చుని కూరగాయల ధరలు చెప్పిందంటే నా చెవిలో పువ్వు పెట్టినట్టే.

వదినా, నీకు అబద్ధమాడటం చేతకాదు. నువ్వు అబద్ధం రాస్తే ఇలాగే ఉంటుంది, ఆఫీసు కాగితంలా. గరిటెమ్మ క్యారేజీలో ఏముందో రాయలేదు. తిన్న మనిషి ఎవరైనా రాస్తారు.

నిజం చెప్పు. నేను మంచం దిగలేను, వచ్చి చూడలేను. నువ్వు చెబితేనే నాకు తెలిసేది. అన్నయ్యని ఎలాగూ కాపాడుకోలేకపోయాం. నీ సంగతైనా నాకు తెలియనివ్వు.

గడబిడ

*

వంటగది గట్టు,
బుధవారం

గడబిడకు,

సరే.

ఎవరూ రాలేదు. ఆయన పోయిన రోజు అందరూ ఉన్నారు. దినాలు అయ్యేదాకా ఉన్నారు. నువ్వు బండెక్కి వెళ్లిపోయాక ఇంతవరకూ ఆ ముగ్గురిలో ఒక్కరూ ఈ మెట్లెక్కలేదు. క్యారేజీ రాలేదు. నేను బ్రెడ్డు తింటున్నాను. పొత్తు గదికి వెళ్లలేదు. వీధి చివరి కొట్టుదాకా వెళ్లొస్తున్నాను, అంతే.

ఎందుకు అబద్ధం రాశానంటే, నిజం రాస్తే నువ్వు బాధపడతావని కాదు. నిజం రాయడానికి ఓపిక లేదు. మొదటి వారం ఎదురుచూశాను. మెట్ల మీద చప్పుడైతే చీర సర్దుకునేదాన్ని. తర్వాత సర్దుకోవడం మానేశాను. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. సంగీతం మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన గురించి కూడా ఏమీ అనిపించలేదు. ఎవరిదో కథ చదివినట్టుంది.

ఒకరు వచ్చిన మాట చెప్పాలి. మిషను విప్పేసి ఉందన్నానే, ఆ కుట్టుపని ఆవిడ వచ్చింది. తలుపు తట్టింది. "అమ్మా, మిషను కోసం రాలేదు, ఊరికే చూసిపోదామని" అంది. నేను తలుపుకి ఇవతల నిలబడే ఉన్నాను. గడియ తీయలేదు. ఎందుకు తీయలేదో చెప్పమంటే చెప్పలేను. చెయ్యి లేవలేదు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్లిపోయింది. రావాల్సినవాళ్లు రాలేదు, వచ్చినావిడకి తలుపు తీయలేదు. ఇక ఎవరిని ఏమని అడగను?

ముందు గది దీపం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. ఆరోజు సాయంత్రం ఆయన వేసిన దీపం. స్విచ్చి దాకా వెళ్తాను, వెనక్కి వస్తాను. కరెంటు ఖర్చని నువ్వు తిట్టకు.

ఈ నెలాఖరుకి నగర కార్యాలయానికి వెళ్లి, పొత్తు నా వల్ల కాదని చెప్పేస్తాను. గది వెనక్కి తీసుకుంటారు. ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. ఇన్నేళ్లు నేను పెనవేసిన ముడి నా ఇంటి దగ్గరే పట్టు వదిలితే, అది ఎంత గట్టి ముడో తెలిసిపోయింది కదా. బాధ లేదు. ఒక పని ముగిసిందంతే.

వాళ్లలో ఎవరికీ ఏమీ రాయకు. నాకోసం ఎవరినీ బతిమాలకు. ఇదొక్కటీ నా మాట విను.

మీ వదిన

*

మేడ మీది మంచం,
శనివారం, కోపంగా

వదినా,

నీ మాట వినలేదు. రాయొద్దన్నావు, రాయలేదు. ఫోను చేశాను. మొన్న స్టేషనుకి దింపినప్పుడు బండాయన తన నంబరు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టాడు. అతనికే చేశాను. ఎత్తగానే దులిపేశాను.

"ఏవండీ, మా వదిన గడప తొక్కడానికి మీ ముగ్గురిలో ఒక్కరికీ కాళ్లు లేవా? నాకంటే ఒకటి విరిగింది, మీకేమైంది?"

"ఎలా వెళ్తామండీ," అన్నాడు. "బిళ్ల పళ్లెంలో ఉంది కదా."

"పళ్లెంలో ఎందుకుంది?"

"ముగ్గురం అడిగామండీ. దినాలు అయిన మర్నాడే కూర్చున్నాం. ఆ ఇల్లు నాకే కావాలంది గరిటెమ్మ. పంతులమ్మగారు కుదరదన్నారు. నేనూ వదల్లేదు. మీ అన్నగారు మా చక్రం మీద పేర్లు రాసిన మనిషి, నేనెలా వదులుకుంటానండీ? అరుచుకున్నాం కూడా. తేలలేదు. తేలకపోతే పళ్లెంలో వెయ్యాలి. వేశాం."

"తేల్చాల్సింది ఎవరు?"

"మీ వదినగారేనండీ."

వదినా, నేను నోరు వెళ్లబెట్టాను. నీ ఇంటికి ఎవరు రావాలో నువ్వు తేల్చాలి. నువ్వు తేల్చేదాకా ఎవరూ రాకూడదు. అందుకని ముగ్గురూ చేతులు కట్టుకుని నువ్వెప్పుడొస్తావా అని కూర్చున్నారు! ఇంత తెలివి మా భవనంలో ఎవరికీ లేదు, దేవుడి దయ.

"మరి ఆవిణ్ని పిలవచ్చు కదా?" అన్నాను.

"పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషిని, మిమ్మల్ని ఓదార్చడానికి మాలో ఎవరు రావాలో వచ్చి చెప్పండి అని ఎలా పిలుస్తామండీ? బాగుండదు కదా."

"రూలు పక్కనపెట్టి ముగ్గురూ వెళ్లచ్చు కదా?"

"అమ్మో, ఆవిడే తిడతారు. మాస్టారింట్లో మేం చేసిందే మళ్లీ చేశామంటారు."

ఇంకో మాట చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. రోజూ సాయంత్రం ఖాళీ బండితో మీ వీధిలోంచే వెళ్తున్నాడట. అది తన దారి కాదు. మీ ఇంటి ముందు కాస్త నెమ్మదిస్తాడట. "ముందు గదిలో దీపం వెలుగుతూ ఉంటుందండీ. హమ్మయ్య, ఆవిడ లేచి తిరుగుతున్నారు, బాగున్నారు అనుకుని వెళ్లిపోతాను" అన్నాడు. ఆ దీపం సంగతి నాకు తెలుసు. అతనికి చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు.

నేను ఏడ్చాను, నవ్వాను, కాలు విరిగిందన్న మాట మరిచి నేలకేసి తన్నాను. నొప్పి నాకే.

ఇక అసలు సంగతి. పళ్లెంలో నీ ఒక్క బిళ్లే లేదట. నువ్వు రావడం లేదు కాబట్టి ఎవరికీ తేలని ఇళ్లన్నీ అందులోనే పడుతున్నాయి. బడిలో గంట కొట్టి రిటైరైన ఒకాయనకి చూపు పోయిందట. ఆయన్ని గరిటెమ్మా పంతులమ్మగారూ ఇద్దరూ అడిగారట. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవడం లేదట. ఆయనింటికి ఎవరూ వెళ్లడం లేదు. సంగీతం మాస్టారి కథ మళ్లీ మొదలైంది వదినా, ఈసారి గొడవతో కాదు, పద్ధతిగా.

నీకోసం వెళ్లమని నేననను. నీ మీద నీకేమీ అనిపించడం లేదన్నావు, సరే. ఆ గంటాయన కోసం వెళ్లు. నెలాఖరుకి గది వదిలేస్తానంటే వదిలెయ్యి, కానీ ముందు ఆ పళ్లెం ఖాళీ చేసి వదులు. ఆయన చీకట్లో కూర్చుని మెట్ల చప్పుడు వింటున్నాడు. అది ఎలా ఉంటుందో మీ ఊళ్లో నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

గడబిడ

*

ముందు గది,
మంగళవారం

గడబిడకు,

వెళ్లాను.

నీ ఉత్తరం చదివి వెంటనే వెళ్లానని అనుకోకు. చదివి మడిచి గట్టు మీద పెట్టి పడుకున్నాను. మధ్యాహ్నం లేచాక చెప్పులు వేసుకుని ఉన్నాను. ఎప్పుడు వేసుకున్నానో తెలియదు. దారిలో ఏమీ అనిపించలేదు. పొత్తు గది మెట్లెక్కుతుంటే మోకాళ్లు నొప్పి పుట్టాయి, అంతే.

ముగ్గురూ ఉన్నారు. గరిటెమ్మ ఒక గోడ దగ్గర, పంతులమ్మగారు ఇంకో గోడ దగ్గర, బండాయన మధ్యలో. నన్ను చూసి లేచారు. నా కుర్చీ మీద దుమ్ము ఉంది, బండాయన తువ్వాలుతో తుడిచాడు. పళ్లెం ముందుకు లాక్కున్నాను. గంటాయన బిళ్ల పంతులమ్మగారికి ఇచ్చాను. చూపు లేని మనిషికి ముందు కావాల్సింది గొంతు. భోజనం గరిటెమ్మ పంపాలి, కానీ పంతులమ్మగారు అడిగాకే. ఆవిడ అడగాలి, ఈవిడ ఇవ్వాలి. మాట్లాడుకోక చస్తారా. "ఇప్పుడే పంపుతాను," అంది గరిటెమ్మ గోడ వైపు చూస్తూ. "సరే, ఇప్పుడే వెళ్తాను," అన్నారు పంతులమ్మగారు ఇంకో గోడ వైపు చూస్తూ. తక్కిన బిళ్లలు కూడా ఒక్కొక్కటే తేల్చాను. చేతులకి పని తెలుసు, మనసు లేకపోయినా అవి చేశాయి.

చివరికి మాది మిగిలింది. నూనె డబ్బా రేకు. అంకె పక్కన మీ అన్నయ్య చిన్న కుట్టుమిషను బొమ్మ గీశారు. నేను ఇంతకుముందు చూడలేదు. విసుక్కుని పక్కన పెట్టేశానుగా.

ముగ్గురూ నా చెయ్యి వైపే చూస్తున్నారు. నాకు ఎవరు కావాలో నాకు తెలియలేదు. ఎవరూ వద్దని కూడా అనిపించలేదు. ఊరికే అలా పట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ తేలలేదు. బిళ్ల సంచిలో వేసుకుని లేచి వచ్చేశాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. వాళ్ల తప్పు కాదు, అలా నేర్పింది నేనే.

ఇంటికొచ్చి చీకటి పడేదాకా కూర్చున్నాను. బండాయన దీపం చూసి వెళ్తాడన్నావు కదా. లేచి స్విచ్చి దాకా వెళ్లాను. ఈసారి వెనక్కి రాలేదు. ఆర్పేశాను. ఇన్నాళ్లకి గది చీకటైంది. మిషను కనిపించలేదు, బల్ల కనిపించలేదు. కిటికీ పక్కన నిలబడ్డాను. బండి వచ్చింది. నెమ్మదించింది. ఆగింది. ఆగి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత వెళ్లిపోయింది. అది మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని చూశాను గడబిడా. ఇన్నాళ్లలో నాకు ఏదో అనిపించడం అదే మొదలు. పోనీలే అనుకుందామన్నా కుదరలేదు. నాకు మనిషి కావాలనిపించింది. చాలా కావాలనిపించింది.

కాసేపటికి బండి తిరిగొచ్చింది. మెట్ల మీద ఒకరి చప్పుడు కాదు, ఎక్కేవాళ్ల ఆయాసాలు మూడు. ఈసారి గడియ తీశాను.

గుమ్మంలో ముగ్గురూ. "దీపం ఆరిపోయిందండీ," అన్నాడు బండాయన, అంతకంటే ఏం చెప్పాలో తెలియక. "ఒక్కణ్ని వస్తే రూలు తప్పినట్టని, వీళ్లని కూడా ఎక్కించుకొచ్చాను." ముగ్గురు వస్తే మూడింతలు తప్పినట్టని అతనికి తట్టలేదు. గరిటెమ్మ చేతిలో క్యారేజీ ఉంది. "తిట్టేదేదో తిన్నాక తిట్టండి," అంది. పంతులమ్మగారు మాత్రం బడి తనిఖీకి వచ్చినంత గంభీరంగా లోపలికొచ్చి, నేను దీపం వేసేలోగా, దగ్గరున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు.

నువ్వు నిమిషమన్నావు. అంత కూడా పట్టలేదు.

ఆవిడకి దెబ్బేమీ తగల్లేదు. కళ్లజోడు పెట్టుకునే, సంచి ఒళ్లో పెట్టుకునే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నేల మీదికి దిగారు. దిగి, "వానలు బాగా పడుతున్నాయి కదండీ," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నేను రాసిన అబద్ధమంతా నా కళ్ల ముందే నిజమై నేల మీద కూర్చుని ఉంది. ముందు చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎక్కడో ఏడుపులోకి తిరిగింది. అది కూడా ఆగలేదు. నీ వంతు నేనే ఏడుస్తున్నానన్నావే, ఇక నీకు ఆ పని లేదు, నా బాకీ నేనే తీర్చుకున్నాను. గరిటెమ్మ నన్ను పట్టుకుని తనూ ఏడ్చింది. పంతులమ్మగారు నేల మీద నుంచి లేవకుండానే నా పాదం పట్టుకుని కూర్చున్నారు. బండాయన గోడ వైపు తిరిగి తువ్వాలుతో ఏదో తుడుస్తూ ఉండిపోయాడు.

క్యారేజీలో ఏముందో రాయమంటావేమో. పప్పుచారు, బెండకాయ వేపుడు. ఉప్పు ఎక్కువైంది. తిన్న మనిషిని కాబట్టి రాస్తున్నాను.

ఈరోజు మళ్లీ గదికి వెళ్లాను. నగర కార్యాలయానికి వెళ్లే ఆలోచన మానుకున్నాను. రూలు మార్చాను. బిళ్ల పళ్లెంలో ఉన్నంతకాలం ఆ ఇంటికి ఎవరూ వెళ్లకూడదని ఉండేది. ఇకమీదట, పళ్లెంలో ఉన్నంతకాలం ముగ్గురూ వెళ్లాలి. పంతులమ్మగారు రాసి గోడకి అంటించారు. గరిటెమ్మ చదివి, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయంది. మళ్లీ మొదలుపెట్టారు. వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

కుట్టుపని ఆవిడ ఇంటికి నేనే వెళ్లి క్షమించమన్నాను. ఇంకో మెకానికు ఉన్నాడట, మిషనునీ మరల డబ్బానీ బండాయన రేపు తీసుకెళ్తాడు. స్టూలు కూడా బాగుచేయించుకొస్తానన్నాడు. వద్దన్నాను. కట్టు విప్పాక నువ్వొస్తావు కదా, నీకోసం గోడకి ఆనించి పెట్టాను. అడ్డకర్ర మీద పాదం పెట్టడం ఇప్పుడైనా నేర్చుకో.

మా ఇంటి బిళ్ల సంచిలోంచి తీసి పళ్లెంలో వేసి వచ్చాను. తేల్చమని ముగ్గురూ నా మొహం చూశారు. చూద్దాంలే అన్నాను.

మీ వదిన